మూడో ఫీడర్ సున్నా

ఖోర్ ఖువైర్‌లో, కొండని పిండి చేసే చోట
నా పని సున్నా పట్టడం.
సున్నంలో సున్నా.
ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలో ఈ మాటకి నవ్వేవాళ్ళం,
ఇక్కడ నవ్వడానికి ఇంకో తెలుగువాడు లేడు.

ఖాళీ బెల్టుని మూడు చుట్లు తిప్పాలి.
అతుకు దగ్గర రబ్బరు మందం, అక్కడ అంకె ఉలిక్కిపడుతుంది,
అందుకే చుట్టు సగంలో ఆపకూడదు.
వెనక డ్రమ్ముకి స్పీడ్ సెన్సర్,
చుట్టుకి అరవై పల్సులు.
చేత్తో తిప్పి లెక్కపెడితే యాభై తొమ్మిది. మళ్ళీ తిప్పాను.
పళ్ళచక్రం సందులో గట్టిపడిన సిమెంటు,
స్క్రూడ్రైవర్‌తో గీకాక అరవై.
చట్రం కింద లోడ్ సెల్.
మీద టన్నులు పోతున్నా అది వంగేది వెంట్రుకవాసి.
అంత చిన్న వంగడాన్నీ మిల్లీవోల్టుల్లో ఒప్పుకుంటుంది.
దానికి అబద్ధం రాదు,
మనమే ప్రశ్న తప్పుగా అడుగుతాం.

జులైలో మూడో ఫీడర్ చెడింది.
పొద్దున బంగారం. మూడు దాటితే
జిప్సం ఎక్కువ పడుతోందని ల్యాబ్ నుంచి రీనమ్మ ఫోను.
ఎండ, అన్నాడు సూపర్‌వైజర్ జోబీ.
ఇక్కడ ఎండ మీద నేరం మోపితే ఎవరూ కాదనరు.
కేబుల్ మార్చాం. ఎర్తింగ్ చూశాం. రేకు గొడుగు కట్టాం.
ఫిల్టర్ రెండు సెకన్ల నుంచి ఇరవైకి పెంచాను,
జ్వరం తగ్గలేదు, దుప్పటి కప్పానంతే.
కొత్త సెల్ జర్మనీ నుంచి రావాలి, మూడు వారాలు.

రాత్రి కంట్రోల్ రూమ్‌లో ఒక్కణ్ణే
వడపోయని సిగ్నల్ని తెర మీద పరిచాను.
పన్నెండున్నరకి మిల్లు ఆపుతారు, వేసవి చట్టం.
ఒంటిగంటకి బెల్టు ఖాళీగా తిరిగి తన సున్నా తనే పట్టుకుంటుంది,
అలా పెట్టింది నేనే.
పన్నెండూ నలభైకి గీత ఐదు కిలోలు లేచింది,
ఏమీ లేని బెల్టు మీద.
తర్వాత దిగింది, ఒక్కసారిగా కాదు, మెట్లు మెట్లుగా.
పావు కిలో. ఆగి, ఇంకో పావు.
రెండు దాటాక మెట్లు దగ్గర దగ్గరగా.
మూడింటికి మిగిలిందీ మాయం.
శుక్రవారాల్లో గీత నున్నన.

ఎండకి శుక్రవారం సెలవుండదు.

మర్నాడు మధ్యాహ్నం దిగి వెళ్ళాను.
బెల్టు కింద చారెడు నీడ,
అందులో మొఫీజుల్, ఊడ్చే మనిషి, సిల్హెట్ వాడు.
తడి గోనె చుట్టిన నీళ్ళ క్యాను
తూకం చట్రానికి తీగతో వేలాడుతోంది.
"నేల మీద పెడితే చాయ్ అయిపోతుంది సార్,
ఇక్కడైతే గాలి తగులుతుంది."

నిజమే. ఆ చట్రం దేనికీ ఆనకూడదని
చుట్టూ వేలెడు సందు వదిలించింది నేనే.
ఆ సందులోంచే గాలి.
క్యానుతో కలిపి సున్నా అనుకుంది యంత్రం.
క్యాను పోయాక, పడుతున్న జిప్సం తక్కువనుకుని ఇంకా పోసింది.

రిపోర్టులో రాశాను:
చట్రం మీద అదనపు బరువు, తొలగించాం.
ఏం బరువని జోబీ అడగలేదు.
వెల్డర్ బల్కార్‌ని బతిమాలి, కదలని చానల్‌కి
జానెడు అవతల ఒక కొక్కెం వేయించాను.
మొఫీజుల్ అక్కడ చెయ్యి పెట్టి చూశాడు.
గాలి కాస్త తక్కువే. ఏమీ అనలేదు.
క్యాను అటు మార్చాడు.

మూడు చుట్లు. సున్నా.
పరీక్ష గొలుసు పరిస్తే తేడా అర శాతం లోపు.
జర్మనీ సెల్ వచ్చింది, పెట్టె విప్పకుండా స్టోరులో పెట్టాం.

ఇప్పుడు గీత రోజంతా నున్నన.
రీనమ్మ ఫోను చెయ్యదు.
నిన్న నలభై తొమ్మిది డిగ్రీలు.
రెండు దాటాక, అలవాటు కొద్దీ, తెర చూశాను.
ఎన్ని గుక్కలు తాగాడో అందులో లేదు.
హెల్మెట్ పెట్టుకుని దిగాను.